అమ్మ పూర్తి చేసిన మాట

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అమ్మ గొంతు. పాలు పొయ్యి మీద పెడుతూ, ముందుగదిలో చెప్పులు సర్దుతూ, వీధిలో ఎవడో హారన్ కొడితే వాడినీ నాలుగు తిడుతూ, ఆమె ఒక్కతే నలుగురి మాటలూ మాట్లాడేస్తుంది. ఆమె ఉద్యోగం కూడా అలాంటిదే. పెద్ద ఆసుపత్రిలో ఎంక్వైరీ కౌంటరు. కంగారుగా వచ్చిన మనిషి "మా ఆవిడకి..." అని నోరు తెరవగానే, చేతిలో ఫైలు రంగు చూసి "స్కానింగేగా? రెండో అంతస్తు, ఎడమ పక్క" అనేస్తుంది. చాలాసార్లు ఆమె చెప్పిందే సరిపోతుంది. సరిపోని వాళ్ళు ఏయే అంతస్తుల్లో తిరుగుతారో ఆమెకు తెలియదు, ఎందుకంటే వాళ్ళు మళ్ళీ ఆ కౌంటరు ముఖం చూడరు.

తండ్రికి కళ్ళద్దాల దుకాణం. ఒక అద్దం తీసి ఇంకొకటి పెట్టి "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడగడం, జవాబు వచ్చేదాకా ఆగడం ఆయన పని. ఇంట్లో కూడా ఆగుతూనే ఉంటాడు. ఆయన వంతు మాత్రం తరచుగా రాదు.

కూతుర్ని ఇంట్లో పిట్ట అంటారు. ప్రింటింగ్ ప్రెస్సులో డిజైనరు. మంచి చెయ్యి, చురుకైన బుర్ర, దాంతోపాటు నత్తి. మాట ఎక్కడో ఒకచోట తట్టుకుని ఆగిపోతుంది. అప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. కాసేపు ఆగితే ఆ మాట దానంతటదే వస్తుంది. ఆ కాసేపే ఆ ఇంట్లో ఎప్పుడూ దొరకలేదు. "అమ్మా, నా నీలం రంగు..." అని పిట్ట మొదలుపెడితే, "చొక్కాయేగా, ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టాను" అని అమ్మ అందుకునేది. పిట్ట వెతుకుతున్నది నీలం పెన్సిలు. అయినా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక లేక చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయేది. అలా ఎన్నో చొక్కాలు తొడుక్కుంది. అడగని కూరలు తింది, అనుకోని ఊళ్ళకు సెలవులకు వెళ్ళింది, కాలేజీలో రెండేళ్ళపాటు తనకు అక్కర్లేని లెక్కలు కూడా చదివింది.

ప్రెస్సువాళ్ళు ఏటా తమ పేరు మీద ఒక క్యాలెండరు వేసి ఖాతాదారులకు పంచుతారు. ఈసారి పని పిట్టకు అప్పగించారు. ఏడాదిలో ఏ రోజుకు ఏ ప్రత్యేకత ఉందో వెతికి, ప్రతి గడిలో చిన్న బొమ్మ వేయాలని ఆమే చెప్పింది. వెతికేకొద్దీ ఆశ్చర్యంగా ఉంది. పిచ్చుకలకో రోజు, నీళ్ళకో రోజు, పుస్తకాలకో రోజు, చేతులు కడుక్కోవడానికో రోజు, ఆఖరికి మరుగుదొడ్డికి కూడా ఒక రోజు. లోకంలో మనుషులు పట్టించుకోని ప్రతిదానికీ ఎవరో ఒకరు తలా ఒక రోజు పంచిపెట్టినట్టున్నారు. నెలల తరబడి పిట్ట ఆ గడుల్లోనే బతికింది. సాయంత్రాలు భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుంటే అమ్మ ఒక చూపు చూసి, బాగున్నాయని మెచ్చుకుని, అన్నం వడ్డించాలి తీసేయమనేది.

క్యాలెండరు గీసినవాళ్ళే ఆవిష్కరణ రోజు వేదిక మీద దాని గురించి మాట్లాడాలన్నది ఆ ప్రెస్సు ఆనవాయితీ. ఆహ్వానపత్రం సోమవారం అచ్చుకు వెళ్ళాలి. అందుకని పేర్లు ఖాయం చేసుకుందామని మేనేజరు ఆ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. పిట్ట స్నానాల గదిలో ఉంది. ఫోను బల్ల మీద ఉంది. అమ్మ ఎత్తింది.

పిట్ట తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి పని జరిగిపోయింది. మీ మేనేజరు చాలా మర్యాదస్తుడని అమ్మ కాఫీ కలుపుతూ మెచ్చుకుంది. స్టేజీ మీద మాట్లాడతావా అని అడిగాడట. అమ్మాయికి స్టేజీ అంటే పడదు, ఇంకెవరినైనా చూసుకోండని తాను చెప్పేసిందట. పాపం ఏమీ అనుకోలేదట.

పిట్ట చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"నేను ఒ... ఒప్పుకున్నానమ్మా. నేనే అడిగి ఒప్పుకున్నాను."

అమ్మ గ్లాసు కింద పెట్టింది. పేపరు వెనకనుంచి తండ్రి తల బయటికి వచ్చింది.

"సెక్షన్ హెడ్డు వచ్చే నెల రిటైరవుతున్నాడు," అన్నాడు ఆయన. "ఆ పని దీనికిద్దామని అనుకుంటున్నారు. ఖాతాదారులతో మాట్లాడగలదా లేదా అని వాళ్ళకి సందేహం. ఈ ఆవిష్కరణలో మాట్లాడితే ఆ సందేహం తీరిపోతుందని ఇదే అడిగింది."

ఇంత సంగతి తనకు తెలియకుండా తండ్రికి ఎలా తెలిసిందో అమ్మకు అంతుపట్టలేదు. ఆమెకు ముందు వచ్చింది కోపం. కన్నతల్లికి చెప్పకుండా నాన్నకు చెప్పడమేమిటని అడిగింది.

"నీకే ముందు చెప్పబోయింది," అన్నాడు తండ్రి. "బుధవారం నువ్వు కూరగాయలు తరుగుతున్నావు. 'అమ్మా, ఆఫీసులో నన్ను' అంది. 'ఎవరో ఏదో అనుంటారు, పట్టించుకోకు' అన్నావు నువ్వు."

అమ్మకు ఆ బుధవారం గుర్తుంది. కూతురు దిగులుగా ఉందనుకుని ఆ పూట దానికి ఇష్టమైన కూర కూడా చేసింది. చేసిన మేలు ఇలా బెడిసికొట్టడం ఆమె ఏమాత్రం ఊహించలేదు. ఆమె దగ్గర ఇంకొక సమాధానం ఉంది. ఏళ్ళ తరబడి దాచుకున్నది, ఎప్పుడూ పైకి తీయనిది. ఇప్పుడు తీసింది. నీ స్కూల్లో ఏం జరిగిందో మరిచిపోయావా అని అడిగింది.

ఎవరూ మరిచిపోలేదు. పిట్ట మూడో తరగతిలో ఉండగా స్కూల్లో తల్లుల దినోత్సవం చేశారు. పిల్లలు ఒక్కొక్కరే వేదిక ఎక్కి తల్లి గురించి ఒక్క వాక్యం చెప్పి దిగాలి. పిట్ట ఎక్కి, మైకు పట్టుకుని, "మా అమ్మ" అంది. అక్కడ ఆగిపోయింది. వెనక బల్లల్లో పిల్లలు నవ్వారు. తర్వాత ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు కూడా నవ్వారు. అప్పుడు అమ్మ కుర్చీలోంచి లేచి, ఆసుపత్రి కౌంటరులో అలవాటైన గొంతుతో, "మా అమ్మంటే నాకు చాలా ఇష్టం అంటోందండీ" అని అందరికీ వినబడేలా చెప్పింది. హాలంతా చప్పట్లు కొట్టింది. పిట్ట ఏడుస్తూ దిగింది, ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. దాన్ని చంకనేసుకుని నడుస్తూ, ఇంకెవరూ నా బిడ్డను చూసి నవ్వే అవకాశం ఇవ్వకూడదని అమ్మ ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు.

"ఆ ఏడుపు నేను మళ్ళీ చూడలేనే," అంది అమ్మ. "అందుకే వద్దన్నాను. అంతకుమించి ఇంకేం లేదు."

పిట్ట కళ్ళు మూసుకుంది. మాట వచ్చేదాకా తండ్రి పేపరు వైపు చూశాడు.

"వాళ్ళు నవ్వారని ఏడవలేదమ్మా. క్లాసులో రోజూ న... నవ్వేవాళ్ళే. నువ్వు చెప్పేశావని ఏడ్చాను."

అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా చూసుకున్నందుకు ఇదా బహుమానం అనుకుంది. చిన్నపిల్లకు అప్పుడేం తెలుస్తుంది, ఇప్పుడు కల్పించుకుని చెబుతోందని కూడా అనుకుంది. అలా అనుకున్నా గిన్నెల మోత తగ్గలేదు.

పిట్ట ఫోను తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. ఫోను చెవికి ఆనించుకుంటే ఆమెకు మాట మరీ బిగుసుకుంటుంది. అందుకని ఎప్పుడూ స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచుతుంది. మేనేజరుకు చెయ్యబోతూ ఆగి, అమ్మను పిలిచింది. వచ్చి కూర్చోమంది, ఏం విన్నా ఏమీ అనవద్దంది. అమ్మ తడిచేతులతోనే వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. అనడానికి నేనెవర్ని అన్నట్టు మొహం పెట్టింది.

మేనేజరు నిజంగానే మర్యాదస్తుడు. "చెప్పమ్మా" అన్నాడు ఆప్యాయంగా.

"సార్, ఆవిష్కరణ రోజు నేను..."

"అమ్మగారు చెప్పారులే. నువ్వేం ఇబ్బంది పడకు. వేరేవాళ్ళ పేరు వేయించేస్తాను."

"అది కాదు సార్, అమ్మకి నేను..."

"అమ్మగారి మీద కోప్పడకు తల్లీ, నీ మంచికే చెప్పారు. సెక్షన్ పని గురించి కూడా బెంగ పెట్టుకోకు. నీకు సులువుగా ఉండేలా చూద్దాం. లోపల కూర్చుని గీసుకునే పనే చేద్దువుగాని. ఖాతాదారుల గొడవ ఇంకొకరు చూసుకుంటారు."

ఆ మాటల్లో వెటకారం లేదు, విసుగు లేదు. ఉన్నదంతా దయే. అమ్మ ఆ గొంతు వింటూ కూర్చుంది. ఆ ధోరణి ఆమెకు బాగా తెలుసు. అది తనదే. కూతురు మొదలుపెట్టిన ప్రతి మాటనూ ఆయన చెయ్యి పట్టుకుని, ప్రేమగా, వేరే గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెడుతున్నాడు. అవతల మనిషి అడ్డం వస్తున్నప్పుడు పిట్ట మొహం ఎలా ఉంటుందో అమ్మ ఎప్పుడూ చూడలేదు, ఆ సమయంలో ఎప్పుడూ మాట్లాడుతూ ఉండేది తనే కాబట్టి. ఇప్పుడు చూసింది. ఆ మొహంలో కోపం కూడా లేదు. అలవాటు పడిపోయి ఉంది.

"ఆగండి, దాన్ని చెప్పనివ్వండి" అన్న మాట అమ్మ గొంతుదాకా వచ్చింది. చెయ్యి ఫోను వైపు వెళ్ళింది. పిట్ట తలెత్తి చూసింది. అంతే, అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ మాట కూడా తాను అంటే, అదీ తాను చెప్పినట్టే అవుతుంది.

"సార్," అంది పిట్ట. "నేను ఇంకా చె... చెప్పడం అవలేదు."

అవతల గొంతు ఆగింది.

"ఆ రోజు నేనే మాట్లాడతాను. నత్తి ఉంటుంది. ఆ... ఆలస్యం అవుతుంది. అందరూ ఆగాలి. ఖాతాదారులతో కూడా నేనే మాట్లాడతాను. వాళ్ళూ ఆగాలి."

మధ్యలో రెండుచోట్ల చాలాసేపు పట్టింది. ఒకచోట లైను పోయిందేమోనని మేనేజరు "హలో" అన్నాడు, వెంటనే తనే ఊరుకున్నాడు. అంతా విన్నాక గొంతు సవరించుకుని, సరే, పత్రంలో నీ పేరే వేయిస్తానన్నాడు. సెక్షన్ సంగతి రేపు కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. మాట్లాడుకుందాం అంటే ఈసారి నువ్వు చెబితే నేను వింటానని అర్థమమ్మా అని, కాస్త సిగ్గుపడుతున్నట్టు కలిపాడు. అక్టోబరు ఇరవై రెండు గడిలో కళ్ళు చికిలించి చూశాను గానీ ఆ తెరిచిన నోటి బొమ్మ నాకు అర్థం కాలేదు, అదేం రోజని కూడా అడిగాడు.

"నత్తి గురించి అందరికీ తె... తెలియజేసే రోజు సార్," అంది పిట్ట.

ఫోను పెట్టేశాక తండ్రి లేచి, చల్లారిపోయిన కాఫీ తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చి ఇచ్చాడు. అమ్మ బల్ల మీద నీటి మరకను వేలితో తుడుస్తూ కూర్చుంది. ఆసుపత్రిలో ఎవరు ఎంత కంగారుగా వచ్చినా తడుముకోని మనిషి, ఒక్క ప్రశ్న అడగడానికి చాలా అవస్థపడింది.

"ఆరోజు స్కూల్లో... నువ్వేం చెప్పాలనుకున్నావే?"

ఇప్పుడెందుకు, వదిలెయ్యమంది పిట్ట.

"చెప్పు. నేను ఆగుతాను."

పిట్ట తల్లి వైపు చూసింది. నిజంగా ఆగుతుందా అన్నది ఆ చూపులో తెలుస్తూనే ఉంది.

"మా అమ్మతో..." అంది.

ఆగింది. కళ్ళు మూసుకుంది.

మా అమ్మతో ఆడుకుంటాను. మా అమ్మతో బజారుకు వెళ్తాను. మా అమ్మతో పడుకుంటాను. నాలుగైదు ముగింపులు అమ్మ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. పెదవులు బిగపట్టి ఒక్కొక్కదాన్నీ మింగింది. గోడ అవతల పక్కింటివాళ్ళ టీవీ వినబడుతోంది. వీధిలో ఏదో బండి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఇంతసేపా, ప్రతిసారీ దీనికి ఇంతసేపు పడుతుందా అని అమ్మకు మొదటిసారి తెలిసింది. ఆగితే ప్రాణం పోయేంతసేపేమీ కాదని కూడా తెలిసింది.

"మా అమ్మతో మాట్లాడేటప్పుడు నాకు నత్తి రాదు."

ఒక్క తడబాటు లేకుండా వచ్చిందా వాక్యం.

ఆ వయసులో అది నిజమే. అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పక్కలో పడుకుని, దుప్పటి ముసుగులో, స్కూల్లో జరిగిందంతా ఆపకుండా చెప్పే పిల్ల. బయట నోరు విప్పని పిల్ల తన దగ్గర మాత్రం వసపిట్టలా వాగుతుందని ఆ పేరు పెట్టింది తనే. ఆ మాటలు ఎప్పుడు ఆగిపోయాయో, నత్తి తన దగ్గరికి కూడా ఎప్పుడు వచ్చేసిందో ఆమె గమనించనేలేదు. ఆ హాల్లో చప్పట్ల మధ్య తాను కూతురి చేతిలోంచి తీసేసుకున్నది ఈ వాక్యం. అంతకన్నా మంచి మాట తన గురించి ఎవరూ అనలేదు, ఇక అనబోరు కూడా.

అమ్మ ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు, మొహం తిప్పుకోలేదు. పిట్ట లేచివచ్చి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

"నేను... నిన్ను నేను..." అంది అమ్మ. అక్కడ మాట తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది.

చూడలేక తండ్రి ఏదో అందించబోయాడు. పిట్ట చెయ్యెత్తి వారించింది. అమ్మ చెప్పేదాకా ఇద్దరూ ఆగారు.