హాడ్లీ బంకు దగ్గర వడగళ్లు ఏరేవాడు

హాడ్లీ అడ్డరోడ్డులో మూతపడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. వడగళ్లు పడే వేళ అక్కడ ఎవరూ ఆగరు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమంతా తుఫానుల వెంట కార్లేసుకుని తిరిగే మొనగాళ్లు కూడా దాని పేరెత్తితే మాట మార్చేస్తారు. పక్క గోధుమ చేలో ఎవడో వంగి వంగి వడగళ్లు ఏరుకుంటాడట... కారు లైటు పడితే లేచి చూస్తాడట.

వాడు కర్టిస్ అని అందరి నమ్మకం. రెండేళ్ల కిందట అతను పెద్ద వడగల్లు కనిపించిందని, కొలిచి చూద్దామని ఆ చేలోకి దిగాడు. వంగినవాడి మీద పిడుగు పడింది.

భార్య మార్లిస్ కారులోంచి చూసింది. ఆనాటి నుంచి ఆమెకు ఆకలి లేదు, భయమూ లేదు. తుఫానుల వెంట తిరగడం మాత్రం మానలేదు. ఒక్కసారి, దెయ్యంగానైనా సరే, మొగుణ్ణి చూడాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

ఆ జూన్ సాయంత్రం ఏడింటికే ఆకాశం నల్లబడింది. మబ్బు సరిగ్గా హాడ్లీ మీదికే నడుస్తోంది. వెనక కారులోంచి ఆడపడుచు రోండా రేడియోలో గొణిగింది.

"వదినా, అక్కడ ఆగకు. నీకు పుణ్యముంటుంది."

"నువ్వెళ్లు రోండా."

"నిన్నొదిలేసి పోతే అన్నయ్యొచ్చి నా పీక పట్టుకుంటాడు."

"వస్తే... నేనడిగానని చెప్పు."

మార్లిస్ రేడియో కట్టేసి బంకు కప్పు కింద ఆగింది. ముందు నిమ్మకాయలంత, ఆపైన బత్తాయిలంత గడ్డలు పడ్డాయి. రేకుల మోతకు చెవులు దిమ్మెక్కాయి.

కాసేపటికి జోరు తగ్గింది. మెరుపు మెరిసింది.

చేలో ఒక మనిషి... తలకు హెల్మెట్... వంగి ఏరుతున్నాడు.

మార్లిస్ దిగి నడిచింది. భుజానికో గడ్డ తగిలింది. తగిలిందని తెలిసింది, అంతే.

"కర్టిస్..."

ఆ మనిషి లేచాడు. ఆమె వైపే వచ్చాడు — ఒక్కో అడుగూ వేస్తూ. హెల్మెట్ కింద తెల్ల గడ్డం.

"తల్లీ, ఒట్టి తలతో బయటికొచ్చావేంటి?"

చేను ఆసామి ఎల్డన్. తలకు మనవడు ఫుట్‌బాల్ ఆటకు పెట్టుకునే హెల్మెట్, చేతిలో బకెట్ నిండా వడగళ్లు.

"పంటెలాగూ పోయింది. ఈ గడ్డలు పాల డబ్బా చుట్టూ పోసి తిప్పితే ఐస్‌క్రీమ్ అన్నా అవుతుంది. మా అమ్మ నేర్పిన పని."

"ప్రతిసారీ వస్తారా?"

"ఎన్నో ఏళ్లుగా."

"ఇంకెవరూ... కనపడలేదా?"

"ఎవరొస్తారు? నన్ను చూసి కార్లు తిప్పుకుని పారిపోతారు. నా వైపు నడిచొచ్చింది నువ్వొక్కదానివే. ఇంతకీ ఎవరనుకున్నావమ్మా?"

"మా ఆయన అనుకున్నాను."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఎల్డన్ బకెట్ కింద పెట్టాడు. హెల్మెట్ తీసి ఆమె తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు. వడగళ్లు ఇంకా పూర్తిగా ఆగలేదు.