పలక మీద లేని ఎక్స్

చనిపోయిన క్లీనర్ పిడికిలి విప్పితే, అందులో నలిగిపోయిన ఒక ఎక్స్ అక్షరం దొరికింది.

నల్లటి స్టిక్కర్. వెనక జిగురుకి నారింజ రంగు పెయింటు పెచ్చు అంటుకుని ఉంది.

"కాకి పంపిన ఆఖరి మెసేజ్ ఇదే," అన్నాడు చీఫ్, దాన్ని టేబుల్ మీద పెడుతూ.

కాకి అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఆ కెమికల్ డిపోలో మూడు నెలలుగా ట్యాంకర్లు కడిగే క్లీనర్‌ వేషంలో ఉన్న ఏజెంట్. మొన్న ఖాళీ ట్యాంకులో శవమై కనిపించాడు. గాలి పరీక్ష చేయకుండా లోపలికి దిగాడని యాక్సిడెంట్ రిపోర్టు.

"వాడా సార్?" అన్నాడు పిచ్చుక. అదీ డిపార్ట్‌మెంట్ పేరే. "వాడు లిఫ్టు ఎక్కేముందు కూడా ఒకసారి లోపలికి తొంగిచూసే రకం."

"అందుకే నిన్ను పిలిచాను. రేపు పదకొండు గంటలకి ఒక విదేశీ ముఠా ఆ డిపోని పేల్చబోతోంది. గోడ అవతల రైల్వే ఇంధన ట్యాంకులు. వాటి అవతల నాలుగు వందల క్వార్టర్లు. బాంబు స్క్వాడ్ రెండుసార్లు గాలించింది. చిటికెడు మందు కూడా దొరకలేదు."

"ఈ ఎక్స్ సంగతి?"

"కోడ్ సెక్షన్ పదకొండు అర్థాలు చెప్పింది. అందులో ఒకటి ముద్దు." చీఫ్ నవ్వలేదు. "లోపల ఒకావిడ ఉంది. సేఫ్టీ ఆడిటర్ వేషం. మన సంగతులు ముఠాకి, ముఠా సంగతులు మనకి చెబుతుంది."

"అబద్ధాలు ఎవరికి చెబుతుంది సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపిస్తానయ్యా?"

* * *

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి పిచ్చుక కొత్త డ్రైవర్‌గా డిపో గేటు దగ్గర నిలబడ్డాడు. చేతికి గ్యాస్‌ని పసిగట్టే వాచీ. జేబులో కెమెరా పెన్ను. బెల్టు బకిల్‌లో ట్రాన్స్‌మిటర్, దాని వెనక డిపార్ట్‌మెంట్ కార్డు.

గేటు గార్డు ట్రే ముందుకి తోశాడు. "బ్యాటరీ ఉన్నదేదీ లోపలికి రాదు. ఒక్క నిప్పురవ్వ చాలు మనందరికీ. వాచీ తియ్యి. పెన్ను తియ్యి. ఆ బెల్టు కూడా."

"బెల్టులో బ్యాటరీ ఏంటన్నా?"

"నాకేం తెలుసు? నా మిషన్ కూత పెడుతోంది. తియ్యి."

డిపార్ట్‌మెంట్ రెండేళ్ళు కష్టపడి తయారుచేసిన పరికరాలన్నీ ట్రేలోకి చేరాయి. బదులుగా నలభై ఒకటో నంబరు ఇత్తడి టోకెన్ దొరికింది. గార్డు దయతలచి ప్యాంటుకి కట్టుకోమని ఒక తాడు ముక్క కూడా ఇచ్చాడు.

యార్డులో తొమ్మిది ట్యాంకర్లు వరసగా ఉన్నాయి. వెనకవైపు నారింజ రంగు పలకలు, వాటి మీద నల్లటి అంకెలు. వాటి మధ్య తెల్ల హెల్మెట్ పెట్టుకుని, సినిమా షూటింగుకి వచ్చినంత తీరుగా ఒకావిడ నడుస్తోంది. ఆ హెల్మెట్ కూడా ఆవిడ కోసమే కుట్టించినట్టుంది.

"గ్లోవ్స్ ఏ సైజు?" అంది ఆవిడ, చేతిలోని ఫైలు మీంచి చూపు ఎత్తకుండా.

"ఎడమచేతికి మాత్రమే," అన్నాడు పిచ్చుక. కోడ్ సరిపోయింది.

"ఎక్స్ అంటే రోమన్ పది. పదో నంబరు షెడ్డు. పదకొండుకి అక్కడ ఉండు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ తాడు నీకు బాగుంది."

పదో షెడ్డు డిపోకి ఆ చివరన ఉంది. పదింబావు నుంచి పిచ్చుక అక్కడ ప్రతి మూలా వెతికాడు. ఖాళీ డ్రమ్ములు, ఒక విరిగిన నిచ్చెన, గుర్రు పెడుతున్న మీసాల డ్రైవర్. డిపోలో అందరికీ ఆయన మావయ్య.

"ఏం పోగొట్టుకున్నావు అల్లుడూ?" అన్నాడు మావయ్య ఒక కన్ను తెరిచి.

పిచ్చుకకి సమయం లేదు. జేబులోంచి ఎక్స్ తీసి నేరుగా చూపించాడు. "ఇదేంటో తెలుసా మావయ్యా?"

మావయ్య రెండో కన్ను కూడా తెరిచాడు. లేచి కూర్చున్నాడు. "ఎక్కడిదిది? ఇది బండి పలక మీద ఉండాల్సింది కదా! అంకెల ముందు ఎక్స్ ఉంటే ఆ సరుకుకి నీళ్ళు తగలకూడదని. తగిలితే పేలుతుంది. ఎక్స్ బండి దగ్గరికి నువ్వు తాగే నీళ్ళ సీసా పట్టుకెళ్ళినా బాబాయ్ వీపు చీరేస్తాడు. నన్నోసారి అందరి ముందూ గుంజీళ్ళు తీయించాడు."

"బాబాయ్ ఎవరు?"

"మా సేఫ్టీ ఆఫీసరు. పలకలు పెట్టేదీ ఆయనే, సరుకు కాగితాల మీద సంతకం చేసేదీ ఆయనే."

పిచ్చుకకి అంతా అర్థమైంది. బాంబు స్క్వాడ్‌కి ఏం దొరుకుతుంది? బాంబు ఎక్కడా లేదు. ఎక్స్ పీకేసిన బండి లీకైతే ఫైరింజను వస్తుంది. మనవాళ్ళే నీళ్ళు కొడతారు. మనవాళ్ళే పేలుస్తారు.

సైరన్ మోగింది.

* * *

నాలుగో ట్యాంకర్ కింద తెల్లటి పొగ. వాల్వ్ నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. పిచ్చుక ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి ఫైరింజను లోపలికి వచ్చేసింది. ఇద్దరు పైపు పరుస్తున్నారు. వాళ్ళ లీడర్ పలక చూశాడు, కాగితం చూశాడు.

"ఎక్స్ లేదు. మామూలు సరుకే. నీళ్ళు రెడీ చెయ్యండి!"

"ఆగండి! ఆ పలక తప్పు! కాగితం కూడా తప్పు!"

"నువ్వెవరు?"

పిచ్చుక నోరు తెరిచాడు. కార్డు బెల్టులో ఉంది. బెల్టు గేటు దగ్గర ఉంది. "నేను... కొత్త డ్రైవర్ని."

"కొత్త డ్రైవరా? పక్కకి జరుగు బాబూ. గోడ అవతల ఇంధనం ఉంది, నీతో వాదిస్తూ కూర్చోలేను."

ఒక ఫైర్‌మన్ వచ్చి పిచ్చుక భుజం పట్టి వెనక్కి నెట్టాడు. పాతికేళ్ళుంటాయి. కొత్త బూట్లు, ఇంకా మడత విడని యూనిఫాం. పేలితే ముందుగా పోయేది అతనే.

ఈ డిపోలో ఎవరి మాటకి ఆ లీడర్ ఆగుతాడు? పిచ్చుక చుట్టూ చూశాడు. పచ్చగీత వెనక, సిబ్బంది అంతా చేరే చోట, నెరిసిన జుట్టు మనిషి ఒకాయన చేతిలో జాబితాతో తలలు లెక్కపెడుతున్నాడు. తన ప్రాణానికే ప్రమాదమైనా, అందరూ బయటపడ్డారని తేలేదాకా సేఫ్టీ ఆఫీసరు కదలకూడదన్నది రూలు. బాబాయ్ కదల్లేదు. ఆయన పెదాలు మాత్రం తెల్లగా పాలిపోయాయి.

నిలదీస్తే చెప్పడు. బతిమాలే టైము లేదు. పిచ్చుక, తన వెనకే షెడ్డు నుంచి వచ్చిన మావయ్య చేతిలోని నీళ్ళ సీసా లాక్కున్నాడు. మూత తీశాడు. తిన్నగా నాలుగో ట్యాంకర్ వైపు నడిచాడు.

పది అడుగులు. లీడర్ చెయ్యి ఫైరింజను వాల్వ్ చక్రం మీద పడింది.

ఐదు అడుగులు. పిచ్చుక సీసా ఎత్తి వంచబోయాడు.

"ఒరేయ్, నీళ్ళు! నీళ్ళొద్దురా! తగలనివ్వద్దు!"

యార్డంతా ఆ అరుపుకి బిగుసుకుపోయింది. బాబాయ్ జాబితా పారేసి పరిగెత్తుకొస్తున్నాడు. వచ్చీరాగానే పిచ్చుక చేతిమీద ఒక్కటి కొట్టాడు. సీసా దూరంగా వెళ్ళి పడింది.

"ఎన్నిసార్లు చెప్పాలిరా మీకు? ఇసుక తెండి! పొడి ఇసుక!"

లీడర్ చక్రం మీంచి చెయ్యి తీసేశాడు. పదిహేనేళ్ళుగా ఆ గొంతు ఎరిగినవాడు. మారుమాట్లాడకుండా పైపు వెనక్కి లాగించి, ఇసుక బకెట్లకి మనుషుల్ని పరిగెత్తించాడు. పొగ సన్నబడింది. ఆగింది. కొత్త బూట్ల కుర్రాడు నేలమీద కూలబడి చేతుల్లో మొహం దాచుకున్నాడు.

గేటు దగ్గర ఏదో గొడవ. గార్డు కర్ర అడ్డంపెట్టాడు. "సైరన్ మోగితే ఫైరింజనుకి తప్ప గేటు తెరవను. ఆడిటర్ అయితే ఏంటమ్మా? మీరే కదా పోయినవారం నాకు ఆ రూలు చదివి వినిపించారు!" తెల్ల హెల్మెట్ ఆవిడ జీవితంలో మొదటిసారి అనుకోకుండా నిజం చెప్పి దొరికిపోయింది.

పిచ్చుక బాబాయ్ వైపు తిరిగాడు.

"పలక మీద ఎక్స్ లేదు. కాగితంలోనూ లేదు. నీళ్ళు తగలకూడదని మీకెలా తెలిసింది బాబాయ్?"

బాబాయ్ ఇసుక కుప్ప పక్కనే కూర్చుండిపోయాడు.

"నేనే పీకాను," అన్నాడు. "కాగితాలు నేనే మార్చాను. వాల్వ్ ఆవిడ వదులు చేసింది. ఇరవై రెండేళ్ళు బాబూ. అరిగిన టైర్ల మీద రాశాను, నిద్రలేని డ్రైవర్ల మీద రాశాను, పాత వాల్వుల మీద రాశాను. వారానికో రిపోర్టు. ఒక్కరూ చదవలేదు. ఓసారి రిపోర్టు అట్ట కింద పొరపాటున మా ఇంటి కరెంటు బిల్లు కూడా కలిపి పంపాను. అందిందని రసీదు వచ్చింది. ఆవిడ వచ్చింది. అన్నీ చదివింది. పేజీ నంబరుతో సహా అడిగింది. ఓ చిన్న పొగ చూపిద్దాం బాబాయ్, అప్పుడే మీ మాట వింటారు అంది. వచ్చేది నీళ్ళు కాకుండా పొడిమందు చల్లే ఫైరింజనేనని ఒట్టేసింది. నీళ్ళ బండి లోపలికి రావడం చూసి నాకు నోరు పెగల్లేదు. నోరు తెరిస్తే దొంగని నేనేనని తెలిసిపోతుంది కదా. కానీ నువ్వు ఆ సీసా ఎత్తేసరికి... నోరు నా మాట వినలేదు."

"క్లీనర్?"

బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు.

"చెత్తబుట్టలో ఎక్స్ దొరికిందని నా దగ్గరికే వచ్చాడు. నన్ను నమ్మి. నేను ఆవిడకి చెప్పాను. మాట్లాడి చూస్తానంది. మర్నాడు ట్యాంకులో ఉన్నాడు. గాలి పరీక్ష చేయకుండా దిగాడని నేనే రాశాను. ఇరవై రెండేళ్ళలో నేను రాసిన ఒకే ఒక్క తప్పుడు రిపోర్టు బాబూ అది. పైనుంచి కిందిదాకా అందరూ చదివి సంతకాలు పెట్టింది దాని మీదే."