ఆవిరి దారి

తల్లి బిడ్డను ఎత్తుకుని గడప దాటిందో లేదో, బాత్రూమ్ పక్క గదిలో సీలింగ్ ఊడి ఖాళీ ఉయ్యాల మీద పడింది.

గంట తిరక్కుండా ఆ ఇంటి ఎలక్ట్రీషియన్ డిటెక్టివ్ ఎదుట నిలబడ్డాడు.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ గొట్టం గోడ బయటికే పెట్టానండీ. ఆవిరికి సీలింగ్ నాని ఊడిందనీ, అది నా పనేననీ అంటున్నారు. ఇక నన్నెవరు గుమ్మం ఎక్కనిస్తారు?"

డిటెక్టివ్ తన అసిస్టెంట్‌తో ముందు ఆ ఇంటి పెరట్లోకి నడిచాడు. గోడకు ఆవిరి బయటికి పోయే మూత. దాని రెక్కకు అడ్డంగా సాలెగూడు.

"ఫ్యాన్ వాడుతున్నారామ్మా?"

"రెండు పూటలా వేస్తామండీ" అంది ఇల్లాలు.

"మరి గూడు చెక్కుచెదరలేదేం సార్?" అంది అసిస్టెంట్.

"శభాష్. గాలి ఇటు రావడమే లేదు."

పక్కనే ఉన్న ఆమె భర్త అన్న, సోఫాలు కుట్టే మనిషి, మూతి విరిచాడు. "ఆర్భాటాలకు పోతే ఇంతే. మేం కిటికీ తెరుచుకుని స్నానాలు చేయట్లా?"

లోపలికి వెళ్లి చూస్తే, ఊడిన సీలింగ్ పైన చెక్కలన్నీ నాని, బూజు పట్టి ఉన్నాయి. బాత్రూమ్ నుంచి ఆ గది మీదుగా వెళ్లే గొట్టం టేపును గోడ దగ్గర ఎవరో కత్తితో నున్నగా కోశారు. గొట్టాన్ని లోపలికి తిప్పి, మైనం పూసిన దారంతో దూలానికి కట్టారు. మూడు ముడులు. కొసలు సమంగా కత్తిరించి ఉన్నాయి.

డిటెక్టివ్ అందరినీ హాల్లోకి పిలిచాడు.

"కాన్పుకి ఆస్పత్రిలో ఉన్న వారం తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"మా అన్నయ్య దగ్గరే" అన్నాడు ఇంటి యజమాని.

"ఇల్లు ఖాళీగా దొరికింది ఆ వారమే. అప్పుడే గొట్టం టేపు కోశారు. ఐదు నెలలుగా ఆవిరంతా సీలింగ్ పైనే నిలిచి చెక్కను కుళ్లబెట్టింది. కోసినవాడు గొట్టాన్ని అలా వదిలేస్తే దొరికేవాడు కాదు. కానీ కొస వేలాడితే పనివాడి చెయ్యి ఊరుకోదు. ఆ సోఫాలోంచి ఒకసారి లేవండి."

అన్న కుట్టిచ్చిన సోఫాను అసిస్టెంట్ తిరగేసింది. అడుగున అదే దారం. అవే మూడు ముడులు.

అన్న వంగి ఆ ముడుల్ని వేలితో తడిమాడు.

"నేనే. వాణ్ణి ఎత్తుకు పెంచాను. కనబడ్డ ప్రతివాడూ 'నీ తమ్ముడింట్లో బాత్రూమ్ అద్దానికి కూడా ఆవిరి పట్టదటగా' అనేవాడు. నా ఇంట్లో గోడలన్నీ చెమ్మే. వాడి గోడకీ కాస్త పట్టాలనుకున్నాను, అంతే. ఉయ్యాల ఆ గదిలో వేశాక చెబుదామని రోజూ వచ్చాను, నోరు పెగల్లేదు. అందులో పరుపు కుట్టింది కూడా నేనేనండీ."