ఫెబా కరెంటు కారు

పూర్ణా మార్కెట్‌లో బెల్లం కొట్టు పైనున్న గదికి జనం వచ్చేది చాలావరకు పెళ్ళికొడుకుల మంచిచెడ్డలు కనుక్కోడానికే. డిటెక్టివ్ భ్రమరాంబ గారు అందుకు విసుక్కునేవారు కాదు. పోర్టు ఆఫీసులో ఇరవై రెండేళ్ళు మాయమైన సరుకుల లెక్క తేల్చిన మనిషికి పెళ్ళికొడుకు ఓ లెక్కా! విసుక్కునేదల్లా ఆవిడ అసిస్టెంటు జయంత్. కెమిస్ట్రీలో డిగ్రీ చదివి, సందుల్లో నిలబడి వరుల సిగరెట్లు లెక్కపెట్టడం అతనికి నామోషీగా ఉండేది. అయినా ఆవిడ బుర్ర మీద అతనికి ఎంత గురి అంటే, ఆవిడ ఊరికే దగ్గినా నోటుబుక్కు తీసేవాడు.

అందుకే 2006 ఫిబ్రవరిలో ఓ గురువారం పొద్దున్న, ఎడం కాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చిన ఆమె "మా కారుని ఎవరో చంపేస్తన్నారండి" అనగానే జయంత్ ప్రాణం లేచొచ్చింది.

ఆమె పేరు ఫెబా. ముప్పై నాలుగేళ్ళు. నర్సు. ఆసుపత్రికి వెళ్ళలేని రోగుల ఇళ్ళకి తనే వెళ్ళి ఇంజెక్షన్లు, కట్లు చూస్తుంది. రోజూ పదకొండు ఇళ్ళు, పాత ఊరి నుంచి గాజువాక దాకా.

"చిన్నప్పుడు పోలియో వచ్చిందండి. క్లచ్ తొక్కలేను. క్లచ్ లేని పెట్రోలు కారు ధర విని, దణ్ణం పెట్టి వచ్చేశాను. ఈ కరెంటు కారుకి తొక్కేవి రెండే, కుడికాలు చాలు. రాత్రి ప్లగ్గు పెడితే పొద్దున్నకి అరవై కిలోమీటర్లొచ్చేది. ఆటోలకి పోసే డబ్బు కిస్తీకి సరిపోయేది. ఏడాది పాటు రాణీలా తిరిగానండి. రెండు నెలల్నుంచి తగ్గిపోతోంది. అరవై యాభై అయింది, నలభై అయింది. మొన్న ముప్పైకే పోర్టు రోడ్డులో లారీల మధ్య ఆగిపోయింది. గాజువాకలో తాయారు గారని ఉన్నారు. చూపు లేదు, సుగరు. నేను ఏడింటికి వెళ్ళి ఇన్సులిన్ ఇస్తేగాని ఆవిడ టిఫిన్ తినరు. ఆ రోజు పదకొండు దాకా ఏమీ తినకుండా నాకోసం కూర్చున్నారండి."

"మెకానిక్ ఏమన్నాడు?"

"ఊరంతటికీ ఈ బండి తెలిసినవాడు అబ్బులొక్కడే. పద్నాలుగు నెలల్లో బ్యాటరీలు ఇలా చావవట, ఎవరో ఏదో చేశారట. ఎనిమిదీ మార్చాలంటున్నాడు. అంత డబ్బు ఇప్పట్లో నా వల్ల కాదు. మా అన్నయ్య సుందర్ రాజ్ అమ్మేద్దామంటున్నాడు. శనివారం బేరానికి మనిషిని తెస్తన్నాడు."

"మీకు అనుమానం ఎవరి మీద?"

ఫెబా ఒక్కో వేలే మడుస్తూ చెప్పింది. "అన్నయ్యకి మొదట్నుంచీ ఈ కారు ఇష్టం లేదు. ఇంటాయన నరసింహమూర్తి గారికి ప్లగ్గు తన వరండాలో ఉండటం ఇష్టం లేదు. అబ్బులికి కొత్త బ్యాటరీలు అమ్ముకుంటే లాభం. మా నాన్నొక్కడే నావైపు. బోటులో తన వాటా అమ్మి మరీ ఈ కారు కొనడానికి డబ్బిచ్చాడు. ఎవరో నావాళ్ళే నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలని చూస్తన్నారండి. అది ఎవరో తెలియకుండా వాళ్ళతో కలిసి అన్నం తినలేను."

భ్రమరాంబ గారు ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని లేచారు. "పదండి, ముందు రోగిని చూద్దాం."

ఇల్లు ఫిషింగ్ హార్బర్‌కి కూతవేటు దూరంలో ఉంది. కింద నరసింహమూర్తి, పైన ఫెబా కుటుంబం. పక్కన రేకుల షెడ్డులో తెల్ల చిన్న కారు. అబ్బులు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఎడం వైపు సీటు గొళ్ళెం లాగి పైకెత్తాడు. దాని కింద నాలుగు బ్యాటరీలు. కుడివైపు డ్రైవరు సీటు కింద ఉన్న నాలుగింటి కోసం పానాతో బోల్టులు విప్పాడు. ఆ తర్వాత గాజు గొట్టంతో ఒక్కొక్కదాంట్లోంచీ ఆసిడ్ పీల్చి చూపించాడు.

"సూడండమ్మా. ఎడం పక్క నాలుగూ పోనాయి. కుడి పక్క నాలుగూ బాగానే ఉన్నాయి. అయితే ఏటి లాభం? నాలుగు పోతే బండంతా వాటి ఎనకే ఈడుస్తాది."

"కుడివైపు నీళ్ళు వేలెడు తగ్గాయే," అన్నారు భ్రమరాంబ గారు వంగి చూస్తూ. "ఎడంవైపు మాత్రం నిండుగా ఉన్నాయి."

"నీరు సూసుకోమని నానే సెప్పినాను. రెండు నెల్ల కిందటి దాకా నానే పోసీవోణ్ణి. ఆ తరవాత పిలుపు నేదు."

ఆవిడ ఎడంవైపు బ్యాటరీల పక్క సందులోంచి వేలి కొనతో ఏదో తీసి కాగితం మీద పెట్టారు. పసుపుపచ్చగా చిటికెడు రంపపు పొట్టు. జయంత్ దాన్ని పొట్లం కట్టి, పైన తేదీ కూడా వేశాడు.

షెడ్డు మూల అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది, బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్. భ్రమరాంబ గారు ఒక్క చేత్తో ఎత్తబోయి, రెండో చెయ్యి కూడా వేశారు. దాని పక్కనే ఒక గోనెసంచి ఆరేసి ఉంది, ఇంకా తడిగా.

నరసింహమూర్తి వరండాలో పడక్కుర్చీలోంచి లేవలేదు. కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. "నన్ను అడుగుతారేమిటండీ? నేను ప్లగ్గు పీకేశాననేగా? ఇదిగో చూసుకోండి." గోడ మీది క్యాలెండరు చూపించాడు. ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలుతో రెండు అంకెలు. "సాయంత్రం ఎన్నింటికి పెట్టారు, పొద్దున్న ఎన్నింటికి తీశారు. ఒక్క రోజు కూడా వదల్లేదు. పొద్దున్న నాలుగున్నరకి లేస్తానండీ. అప్పటికి చార్జరు దీపం వెలుగుతూనే ఉంటుంది."

"ఇంత ఓపిగ్గా రాశారా?"

"అనుమానం మనిషినండీ," అన్నాడాయన, అదేదో పతకమైనట్టు.

సుందర్ రాజ్ టాక్సీ నడుపుతాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాడు చెల్లెల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "నాను సేసినానంటాదా? మొన్న పోర్టు రోడ్డుల ఆ బండి నెట్టింది నానే. అటు లారీ, ఇటు లారీ, మజ్జిలో నా సెల్లి. అందుకే అమ్మీమన్నాను. ఆటోలకి డబ్బు నానిస్తానన్నాను. అది ఇనదు." అతను అన్నం ముందు కూర్చున్నాడే గాని కలపలేదు.

ఫెబా తండ్రి యోహాన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు మరబోటు డ్రైవరుగా సముద్రం చూసిన మనిషి. వేట మానేసినా తెల్లారకముందే హార్బర్‌కి వెళ్ళి, ఇంటికీ ఇరుగుపొరుగుకీ చేపలు తేవడం మానలేదు. కారు తుడిచేది ఆయనే, గాలి చూసేది ఆయనే, బ్యాటరీలకి నీళ్ళు పోసేది ఆయనే.

"ఊరికే కూకుంటే పిచ్చెక్కిపోతాదని మా ఫెబా నాకీ పని అప్పజెప్పింది," అన్నాడు మురిసిపోతూ. "ఆ కుడిపక్క సీటు బోల్టులు ఈ సేతులికి లొంగట్లేదు గాని, ఎడంపక్క ఒక్క సుక్క తగ్గనియ్యను."

మెట్లు దిగుతూ భ్రమరాంబ గారు జయంత్‌తో, "నీ డిగ్రీ పని పడిందయ్యా. మీ కాలేజీ లాబ్‌లో సిల్వర్ నైట్రేట్ ఓ సీసాలో పట్టించుకురా. వస్తూ వస్తూ హార్బర్ ఐసు ప్లాంటుకి వెళ్ళు," అన్నారు.

ఐసు ప్లాంటుకి ఎందుకో జయంత్‌కి సాయంత్రానికి గాని వెలగలేదు. వెలిగాక అతనికి సంతోషం కలగలేదు.

"మేడమ్, ఫెబా గారికి ఒక్కరికే చెబితే పోలేదా? అందరి ముందూ ఎందుకు?"

"చాటుగా చెబితే అది నేరంలా ఉంటుంది జయంత్. పైగా ఆ అమ్మాయి అనుమానం ముగ్గురి మీద ఉంది. ముగ్గురూ వినాలి."

శుక్రవారం నాలుగింటికి అందరూ షెడ్డులో చేరారు. బల్ల మీద రెండు గాజు గ్లాసులు, రెండిట్లోనూ నీళ్ళు. చూడ్డానికి తేడా లేదు.

"కారు రోజుకింతని తగ్గుతూ వచ్చింది," అని మొదలుపెట్టారు భ్రమరాంబ గారు. "ఎవరైనా ప్లగ్గు పీకేస్తే ఒక రోజు బాగుండి ఇంకో రోజు ఆగేది. అలా జరగలేదు. పైగా నరసింహమూర్తి గారి క్యాలెండరు ఉంది. ఆయన అనుమానమే ఆయన్ని కాపాడింది. అబ్బులు దొంగబుద్ధి గలవాడైతే ఎనిమిదీ చెడగొట్టేవాడు, పానా అతని చేతిలోనే ఉంది. బాగున్న నాలుగూ నాకు తనంతట తనే చూపించేవాడు కాదు. సుందర్ రాజ్ అమ్మమన్నది భయంతో. చెల్లెలు లారీల మధ్య చిక్కుకుంటుందని భయపడే మనిషి, బండి అక్కడే ఆగిపోయేలా చెయ్యడు."

"మరెవరండి?" అంది ఫెబా.

"పానా లేకుండా తెరవగలిగిన నాలుగే పోయాయి. విచిత్రం ఏమిటంటే, నీళ్ళు నిండుగా తాగినవి చచ్చాయి, దాహంతో ఉన్నవి బతికాయి. అంటే రోగం నీళ్ళలోనే ఉంది. కాని కొన్న నీళ్ళ డబ్బా ఇదిగో, రెండు నెలలైనా సీలు విప్పలేదు. మరి ఆ నీళ్ళు ఎక్కడివి?" ఆవిడ షెడ్డు గుమ్మం మెట్టు మీద కూర్చున్న ముసలాయన వైపు తిరిగి గొంతు తగ్గించారు. "బాబాయ్, బోటులో బ్యాటరీకి ఏ నీళ్ళు పోసేవారు?"

యోహాన్ మొహం వెలిగింది. బోటు సంగతి అడిగినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు.

"సముద్రం నీరు పొయ్యకూడదు గదమ్మా, బేటరీ సచ్చిపోద్ది. తాగీ నీరు డ్రమ్ముల్ల తుప్పు. అందుకని ఐసు దిమ్మ ముక్క గిన్నిల ఏసి కరిగించీవోళ్ళం. అద్దంలాగ ఉంతాది. ముప్పై ఏళ్ళు నాను అదే పోసినాను. కారుకీ అదే. పొద్దున్న సేపల్తో పాటు గోనిసంచిల ఓ ముక్క తెస్తాను. ఐసు కరక్కుండా ఏసిన రంపప్పొట్టు కడిగీసి, కరిగించి..."

"బోటు బ్యాటరీ ఎన్నాళ్ళు ఉంచేవారు బాబాయ్?"

"ఎండల్ల వేట ఆపుతారు గదా. అప్పుడు పెద్దవాటా ఓనరు పాతది తీసి కొత్తది ఎయ్యించీసీవోడు. ఏటా..."

మాట అక్కడే ఆగిపోయింది.

భ్రమరాంబ గారు సైగ చేశారు. జయంత్ మొదటి గ్లాసులో, అంటే అలాంటివే కొట్లో కొని తెచ్చిన డిస్టిల్డ్ నీళ్ళలో, సీసాలోంచి రెండు చుక్కలు వేశాడు. ఏమీ కాలేదు. రెండో గ్లాసులోవి ఐసు ప్లాంటు నుంచి తెచ్చిన ముక్క కరిగిన నీళ్ళు. చుక్కలు పడగానే పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి.

"ఇది ఉప్పు గుర్తు," అన్నాడు జయంత్ నెమ్మదిగా. "ఐసుకి నీళ్ళు పోసిన రేకు డబ్బాల్ని ఉప్పునీళ్ళ తొట్టిలో ముంచి గడ్డకట్టిస్తారండి. డబ్బాకి ఎక్కడ చిల్లున్నా లోపలికి దిగుతుంది. చేపలకి ఏమీ కాదు. బ్యాటరీని మాత్రం రోజూ కొంచెం తినేస్తుంది."

"బోటులోనూ తినేసే ఉంటుంది బాబాయ్," అన్నారు భ్రమరాంబ గారు. "ఏటా కొత్తది వేసేసరికి ఎవరికీ తెలియలేదు. మీకే కాదు, హార్బర్ మొత్తానికీ తెలియదు."

యోహాన్ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తున్నాడు. ఫెబా గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి కోపం రావాలి. వచ్చింది ఏడుపు.

"డబ్బా కొనిచ్చాను గదా నాన్నా. ఎందుకు విప్పలేదు?"

"అది కొన్న నీరమ్మా. ఆ కాలేసుకుని నువ్వు ఊరంతా తిరిగి కొన్న నీరు. ఊరికే వచ్చీ నీరుండగా అదెందుకు ఒలకబొయ్యడమని... నీకు కర్సు తగ్గుద్దనుకున్నాను." ముసలాయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "నా సేతుల్తో నానే నీ బండిని సంపీసినాను. ఇంక నాను దాన్ని ముట్టుకోను తల్లీ."

సుందర్ రాజ్ జేబులోంచి సెల్‌ఫోను తీసి బయటికి నడిచాడు. "బావా, రేపు రాకు. బండి అమ్మట్లేదు. నేదు, ధర గొడవ కాదు. మా సెల్లి బండది, అంతే," అనడం అందరికీ వినిపించింది. తిరిగొచ్చి అబ్బులిని అడిగాడు. "నాలుగు మారిస్తే సాల్దా?"

అబ్బులు తల గోక్కున్నాడు. "ఎనిమిదన్నాను గాని, ఇప్పుడు సంగతి తెలిసింది గదా. కుడిపక్కవి గట్టిగానే ఉన్నాయి. నాలుగేస్తే రెండేళ్ళు సూసుకోనక్కర్నేదు. సోమారానికి తెచ్చి ఏసేస్తాను."

"సగం నాది," అన్నాడు సుందర్ రాజ్ చెల్లెలి వైపు చూడకుండా. "నీ మీద అనుమానం పెట్టుకున్నానన్నయ్యా," అంది ఫెబా. "పెట్టుకుంతే పెట్టుకున్నావులే. సోమారం దాకా తాయారు గారింటికి నా టాక్సీల ఎల్దువు," అన్నాడతను. నరసింహమూర్తి మాత్రం లోపలికి వెళ్ళి పెన్సిలు తెచ్చి వరండాలో క్యాలెండరు ముందు నిలబడ్డాడు. ఏమీ రాయకుండానే పెన్సిలుని జేబులో పెట్టుకున్నాడు.

జయంత్ గ్లాసులు సర్దుతున్నాడు. భ్రమరాంబ గారు వెళ్దామన్నట్టు చెప్పులు వేసుకున్నారు గాని, గుమ్మం దగ్గరే ఆగారు.

ఫెబా షెడ్డు మూలకి వెళ్ళి, ఆ అయిదు లీటర్ల డబ్బాని ఈడ్చుకుంటూ తండ్రి కాళ్ళ దగ్గరికి తెచ్చింది. "అన్నయ్యా, కుడి సీటు బోల్టులు విప్పు," అంది. విప్పాడు. "నాన్నా, ఇవి రెండు నెలల్నుంచి నీళ్ళు లేకుండా ఉన్నాయి. లే."

"నాను పొయ్యనమ్మా."

"నువ్వు పొయ్యకపోతే ఇంకెవరు పోస్తారు? నాకు కాలు లేదు, వాడికి ఓపిక లేదు. ఇది నీ పని."

యోహాన్ లేచి డబ్బాని కుడి సీటు దగ్గరికి తెచ్చాడు. తర్వాత సీలు తుంచాడు. ముప్పై ఏళ్ళు బోటు నడిపి ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని మనిషి, గరాటు పెట్టి, కూతురి మొహంలోకి చూసి అడిగాడు.

"ఎందాకా పొయ్యాల?"

"గీత దాకా నాన్నా."

ఆయన డబ్బా వంచాడు. ఫెబా డబ్బా అడుగున తన చెయ్యి కూడా వేసింది.