మూడోసారి అడిగితేనే

“ఈ చదువు పేరేమిటే? రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పుకుంటాం?”

మా అమ్మాయి సోల్వే, ఊళ్ళోని కమ్యూనిటీ కాలేజీలో చేరుతుంటే నేనన్న మాట అది. మిగతా పిల్లలు నర్సింగ్ అన్నారు, అకౌంట్స్ అన్నారు. ఇదేమో వెల్డింగ్, పసిపిల్లల పెంపకం, డ్రాయింగ్ ఏరుకుని తన డిగ్రీ తానే అల్లుకుంది. కాలేజీ వాళ్ళూ సరేనన్నారు!

“పేరు నేనే పెడతాలే అమ్మా.”

“కంట్లో నిప్పురవ్వ పడితే?”

రవ్వ పడలేదు గానీ రమీరో పడ్డాడు. టెక్సస్ కుర్రాడు, వెల్డింగ్ క్లాసులో పక్క బల్ల. మొదటి రోజే, “అది అతుకా, కోడి కెలికిందా?” అన్నాడట.

“నీదేమో నత్త పాకినట్టుంది,” అందట ఇది.

ఇక ఇంట్లో రోజూ రమీరో కబుర్లే. చదువు ముగిసే ముందు ఒక సాయంత్రం మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది.

“భోజనానికి పిలిచాడమ్మా. ‘అబ్బే, వద్దులే’ అన్నాను. మళ్ళీ అడగనే లేదు. ఇక్కడి పడవల కార్ఖానా వాళ్ళు ఉద్యోగమిస్తామన్నా, సోమవారం వాళ్ళ ఊరికి వెళ్ళిపోతున్నాడు.”

“మళ్ళీ అడగలేదంటే మనసులేదనే,” అన్నాను. అంతకంటే ఏమనుకోను?

శుక్రవారం వాళ్ళిద్దరూ కలిసి చేసిన ఉయ్యాలను, నేను వంట చేసే బడి ఆవరణలోనే బిగించారు. చక్రాల కుర్చీతో సహా ఎక్కే ఉయ్యాల. ముందే ఎన్ని బరువులు వేసి ఊపి చూశారో! అయినా, గొలుసు తెగితే? పిల్ల పడితే?

మారెన్ అనే చిన్నపిల్ల కుర్చీతో ఎక్కింది. ఊగింది. “ఇంకా పైకి!” అని కేక పెట్టింది.

“మీ అమ్మాయి ఏం చదువుతోంది?” అన్నారు ప్రిన్సిపాల్.

నేను భయపడ్డ ప్రశ్నే! కానీ నా చెయ్యి దానంతటదే లేచింది. “అదిగోనండీ, అదే చదువు!”

కళ్ళు తుడుచుకుని వంటగదిలోకి వెళితే, చేతులు కడుక్కోవడానికి రమీరో వచ్చాడు.

“కాఫీ తాగుతావా బాబూ?”

“తాగుతానండీ.”

మొదటి మాటకే! కప్పు నా చేతిలోనే ఆగిపోయింది. మా మిన్నెసోటాలో మూడోసారి అడిగేదాకా ఎవరూ కాఫీ పుచ్చుకోరు.

“మా అమ్మాయిని ఎన్నిసార్లు పిలిచావు?”

“ఒకసారేనండీ. వద్దన్నాక అడగడం మర్యాద కాదంటుంది మా అమ్మ.”

“మీ అమ్మ బంగారం, నాయనా. కానీ ఇక్కడ రెండుసార్లు వద్దనడమే మర్యాద!”

కాఫీ వదిలేసి బయటికి పరుగెత్తాడు. చినుకులు మొదలయ్యాయి. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

“సోల్వే, భోజనానికి వస్తావా?”

“అబ్బే, నీకెందుకు శ్రమ.”

“శ్రమేం లేదు. రావూ?”

“వద్దులే, నువ్వు సామాను సర్దుకోవాలి కదా.”

వాడు నావైపు చూశాడు. నేను తలాడించాను.

“మూడోసారి అడుగుతున్నాను. వస్తానంటే సామానే సర్దను. పడవల వాళ్ళకి సరేనని చెప్పేస్తాను.”

సోల్వే తల దించుకుంది. చినుకు వానైంది. ఖాళీ ఉయ్యాల కిర్రుకిర్రుమంటోంది. అమ్మో, ఇప్పుడూ వద్దంటే? ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. జలుబు చేస్తే?

చివరికి తలెత్తింది మా పిల్ల.

“సరే... నీకంత ఇబ్బంది కాకపోతే.”