బావ పెన్‌డ్రైవ్

ఆదివారం మధ్యాహ్నం అక్క మా ఆఫీసు ల్యాబ్‌కొచ్చింది. నేను తప్ప ఎవరూ లేరు. కిటికీల్లేని గది, ఏసీ హోరు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. చెడిపోయిన పెన్‌డ్రైవ్‌లతోనే నా ఉద్యోగం. అడిగినదానికి అబద్ధం చెప్పేవి, మధ్యలో మూగబోయేవి... వాటివల్ల కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోకుండా చూసే డ్రైవర్ ప్రోగ్రాం రాస్తాను.

"మీ బావ గొంతు ఇందులో ఉందిరా," అంటూ నల్లటి పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది.

బావ పోయి నాలుగు నెలలు. పిల్లకోసం ఆయన చదివి రికార్డు చేసిన కథలట. ఇంకెక్కడా లేవు.

పెట్టాను. కనబడింది. ఇరవై సెకన్లకి మాయం. డ్రైవర్ దాన్ని రీసెట్ చేసింది, ఆపి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ కనబడింది, మళ్లీ మాయం. రెండు గంటలు ఇదే తంతు. పోర్టు మార్చాను, చివరికి కంప్యూటరే మార్చాను. దిక్కుమాలిన ముక్క! బల్లమీద గట్టిగా గుద్దాను.

"విసుక్కోకురా. తొందరపెడితే ఆయనకి నచ్చదు."

ఒళ్లు మండింది. అయినా ఆ మాటతోనే ఒకటి తట్టింది. ఈ ఒక్కదాన్నీ రీసెట్ చేయొద్దు, ఎంతసేపైనా ఆగు అని డ్రైవర్‌లో ఒక లైను చేర్చాను.

ఈసారి నిలబడింది. ఒకే ఒక్క ఫైలు. అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మొహం విప్పారింది.

"ఆయనేరా..."

నేను తెరమీద లాగ్ చూస్తున్నాను, డ్రైవర్ చేసే ప్రతి పనీ అందులో లైనుగా పడుతుంది. చదివిన సమాచారం ఎప్పుడో పెన్‌డ్రైవ్ సైజు దాటేసింది. ఇంకా వస్తూనే ఉంది. ఫైలు తేదీ చూశాను. ఇవాళ్టిది. టైము... ఇప్పటిది. సెకన్లు కదులుతున్నాయి.

కుర్చీలోంచి లేచాను.

"అక్కా, అవి తీసెయ్."

వినలేదు. పెన్‌డ్రైవ్ లాగేశాను. గోరుతో డొప్ప ఊడదీశాను. లోపల పచ్చటి బోర్డు. మెమరీ చిప్ ఉండాల్సిన చోట... ఖాళీ. ఊడిపోయిన గుర్తు లేదు. అక్కడ ఎన్నడూ ఏదీ అతికించనేలేదు.

తలెత్తాను. లాగ్ ఆగలేదు. ఒక్కో లైనూ పైకి జరుగుతోంది.

అక్క హెడ్‌ఫోన్స్‌ని రెండు చేతులతో చెవులకి అదుముకుని తల ఊపుతోంది. ఓసారి నావైపు చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది.

"సరేనండీ..." అంది గుసగుసగా. "వీడికి చెప్పను."