జరగని తప్పు

"నా కోడ్ ఆరు నెలలుగా నడుస్తోందండీ. ఒక్కసారైనా ఆగిందా? జరగని తప్పుకు నిందేమిటి?"

పాత ఆఫీసు నుంచి ఈమధ్యే వచ్చిన అమ్మాయి బల్ల ముందు నిలబడి అడిగినవాడు నెట్‌వర్క్ కార్డుకు ప్రోగ్రాం రాసే కుర్రాడు. కాలు ఒకచోట నిలవదని ఆఫీసంతా అతన్ని తూనీగ అంటుంది. ఆమెకేమో ఎవరితో మాట్లాడాలన్నా బెరుకు. అందులోనూ అతనైతే ఇక చెప్పనక్కర్లేదు.

ఆమె రాసింది ఒక కాపలా ప్రోగ్రాం. ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా వేసే తాళమే లాక్; ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌లో ఏ కోడ్ ఏ లాక్‌ను ఎప్పుడు తీసుకుంటోందో చూస్తూ, మిషన్ ఆగిపోయే ముప్పు కనబడితే హెచ్చరిస్తుంది. ఇప్పటికి రెండుసార్లు అది ఉత్తపుణ్యానికే గోల చేసింది. మళ్లీ అలా చేస్తే దాన్ని తీసేసి, ఆమెను ఊరి అవతలి పాత ఆఫీసుకు తిప్పి పంపేస్తానని టీమ్ లీడ్ మేడమ్ ఖరాఖండిగా చెప్పేసింది. తర్వాతి హెచ్చరిక తూనీగ కోడ్ మీదే వచ్చింది.

ఆమె తలవంచుకునే చెప్పింది. "మీ కోడ్ లాక్ తీసుకుని పనిలో ఉందనుకోండి. అప్పుడే కార్డు నుంచి 'డేటా వచ్చింది, ముందు నన్ను చూడు' అనే ఇంటరప్ట్ వస్తే, ప్రాసెసర్ ఆ పని సగంలో వదిలేసి అటు పరిగెడుతుంది. అక్కడా అదే లాక్ కావాలి."

"కాసేపు ఆగుతుంది. అయితే ఏం?"

"ఎవరి కోసం ఆగుతుందండీ? లాక్ వదలాల్సింది ఆ సగంలో ఆగిన పనే. ఇంటరప్ట్ పని ముగిస్తే గానీ అది కదలదు. తాళంచెవి జేబులో పెట్టుకుని, ఎవరైనా వచ్చి తలుపు తీస్తారేమోనని గుమ్మంలో కూర్చున్నట్టు."

అతనికి నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. సరిగ్గా ఆ క్షణానికే ఇంటరప్ట్ రావడం కల్ల అన్నాడు. సాయంత్రంలోగా మీ హెచ్చరిక ఉత్తదని తేలుస్తానని చక్కా పోయాడు.

మధ్యాహ్నమైంది. బయట వాన. అతని బల్ల వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. అతను లాక్ పట్టుకునే చోట కావాలనే కాస్త ఆలస్యం చేర్చి, ఇంటరప్ట్ సరిగ్గా అక్కడే తగిలేలా పక్క మిషన్ నుంచి కార్డు మీదికి డేటా కుమ్మరిస్తున్నాడు. కాలు నిలవని మనిషి కుర్చీకి అతుక్కుపోయాడు.

వాన వెలిసే వేళకు అతని మిషన్ బిగుసుకుపోయింది. మౌస్ కదల్లేదు, కీబోర్డు పలకలేదు. అతను తిన్నగా లీడ్ గదిలోకి వెళ్లాడు. తప్పు తనదేననీ, లాక్ తీసుకునే ముందే ఇంటరప్ట్‌లు ఆపి ఉండాల్సిందనీ, కాపలా ప్రోగ్రాంని తీసేస్తే మనమే నష్టపోతామనీ చెప్పాడు. కాసేపటికి మేడమ్ వచ్చి, ఆమె భుజం తట్టి, పాత ఆఫీసు మాట మర్చిపొమ్మంది.

మెట్ల దగ్గర అతను ఎదురుచూస్తున్నాడు. ఈసారి బెరుకు అతనిదే.

"నీ మాట అబద్ధమని తేల్చాలనే కూర్చున్నాను. తీరా మిషన్ ఆగిపోయాక, ఓడిపోయినందుకు ఏడవాలి కదా... ఎందుకో హాయిగా అనిపించింది. రేపు కూడా నువ్వు ఇక్కడే ఉంటావని."

ఆమె చెప్పుల వైపు చూసింది, తడిసిన మెట్ల వైపు చూసింది, చివరికి అతని కళ్లలోకి చూసింది.

"రేపొక్కటేనా? ఎల్లుండి కూడా ఉంటాను," అంది.